గట్టు మీద అటికమామిడి

ఈ ఏడు కాలవలకి నీళ్లొదిలిన వారానికే రెండు గట్టి వానలు పడ్డాయండి, మూడో రోజు పొద్దున్నే కొబ్బరితోటలోకి వెళ్లి చూస్తే చెట్ల మధ్యన ఇసక నేలంతా ఎర్రటి కాడలు పాకేసి ఉన్నాయి. అటికమామిడి. వేసవంతా అక్కడ ఎండిన మట్టలూ రాలిన పిందెలూ తప్ప ఏమీ లేదు, పచ్చదనం అన్న మాటే లేదు, కానీ నేల లోపల వేరు చావదు, చిటికెనవేలంత లావున దిగబడి ఉంటుంది, చినుకు తగిలిందంటే మళ్లీ పుడుతుంది. పునర్నవ అని సంస్కృతంలో పేరు పెట్టినవాళ్లు ఇది చూసే పెట్టి ఉంటారు, మళ్లీ కొత్తగా అయ్యేది అని.

కొంగు దోపుకుని చిగుళ్లు తుంపుతున్నానో లేదో మా అక్క కూతురు న్యూజెర్సీ నుంచి వీడియో కాల్ చేసింది. అక్కడ రాత్రి, ఇక్కడ పొద్దున్న. "ఏం కోస్తున్నావ్ పిన్నీ" అంది. కూరాకే అని ఫోను నేల వేపు తిప్పి చూపించాను. "ఇదేంటి, కలుపు కదా" అని, మళ్లీ తనే "ఆగు ఆగు, మా ఇంటి ముందు గడ్డిలో కూడా ఇలాగే ఒకటి లేస్తుంది, డాండిలయన్ అంటారు, పసుపుపచ్చ పూలు పూస్తుంది, ఈయన స్ప్రే డబ్బా పట్టుకుని దాని వెంట పడతారు, పక్కింటి పెద్దావిడ ఇటలీ వాళ్లంట, మందు కొట్టే ముందు నాకో మాట చెప్పండమ్మా అని వచ్చి చాకుతో ఒక బుట్టెడు కోసుకుపోయింది, కూర వండుకుంటుందట పిన్నీ" అంది. అది తినొచ్చా, మనం పప్పులో వేసుకోవచ్చా అని అడిగింది. నేను దాన్ని ఎప్పుడూ చూళ్లేదు, నాకు తెలీదమ్మా, కనుక్కుని చెప్తానన్నాను. అదిగో ఆ కనుక్కోవడంతో మొదలైంది ఈ పోస్టు, వారం రోజులు దాని గురించే చదివాను, చదువుతున్న కొద్దీ మన అటికమామిడే ఇంకో వేషంలో ఎదురైనట్టు అనిపించింది.

డాండిలయన్ చలి దేశాల మొక్క, మన డెల్టాలో గట్ల మీద మొలవదు. కాశ్మీర్లో మాత్రం ఉంది, అక్కడ దాన్ని హంద్ అంటారు, ఆకుకూరగా వండుకుంటారు. అమెరికాకి యూరప్ నుంచి వలస పోయినవాళ్లతో పాటు వెళ్లింది, తిండికీ మందుకీ పెంచుకున్నారు, తర్వాత్తర్వాత ఇంటి ముందు గడ్డి తివాచీలాగా ఒకే ఎత్తున ఉండాలన్న మోజు వచ్చాక అది శత్రువైపోయింది. అయినా అదే న్యూజెర్సీలో వైన్‌ల్యాండ్ అని ఒక ఊరుందట, ఇటలీ నుంచి వచ్చిన రైతులు ఎక్కువ, ఆ ఊరు తన్ని తాను డాండిలయన్ రాజధాని అని చెప్పుకుంటుంది, వసంతంలో డాండిలయన్‌తో విందు భోజనాలు కూడా పెట్టుకుంటారు. అంటే మా అమ్మాయి పక్కింటావిడ చేసింది వింతేమీ కాదు. ఆకు చేదు, పూత రాకముందు కోస్తే చేదు తక్కువ. వేరుని కడిగి ఎండబెట్టి మాడబెట్టి పొడి కొట్టి కాఫీలాగా కాచుకుంటారు. మన ఫిల్టర్ కాఫీలో కలిపే చికోరి దానికి దగ్గర చుట్టమే, అదీ ఒక మొక్క వేరుతో చేసిందే, అదీ అలా వేయించిందే, కాబట్టి మనకి కొత్త ఏమీ కాదు.

ఫ్రెంచి వాళ్లు దాన్ని పిసాన్‌లీ అంటారట, పక్క తడిపించేది అని అర్థం. అంత మొహమాటం లేని పేరు ఎందుకంటే ఆ ఆకు తింటే ఒంటికి బాగా వస్తుందని వాళ్ల నమ్మకం. 2009లో 17 మందికి ఆ ఆకు సారం ఇచ్చి లెక్కపెట్టి చూశారు, మొదటి డోసు తర్వాత ఐదు గంటల్లో మామూలు కంటే ఎక్కువసార్లు వెళ్లారట. పదిహేడు మందంటే చిన్న లెక్కే, పెద్ద రుజువేమీ కాదు. కానీ ఇది చదవగానే నాకు మా అత్తయ్యగారి మాట గుర్తొచ్చింది, "అటికమామిడి తిన్న రోజు నీళ్లు నిలవ్వే అమ్మాయ్" అనేవారు, కాళ్లు బరువెక్కితే, మొహం ఉబ్బరిస్తే ఆ వారంలో ఒకటి రెండుసార్లు ఆ కూరే వండేవారు. ఆయుర్వేదంలోనూ పునర్నవని ముందుగా చెప్పేది వాపుకే, పునర్నవాసవం, పునర్నవాది మండూరం అని సీసాలూ మాత్రలూ ఏ ఆయుర్వేదం షాపులో అడిగినా ఇస్తారు. రెండు మొక్కలకీ చుట్టరికం అసలు లేదు. డాండిలయన్ చేమంతి కుటుంబం, మన అటికమామిడి చంద్రకాంత పువ్వుల కుటుంబం, గోడల మీద పాకే కాగితం పూలదీ అదే. ఎక్కడెక్కడి మొక్కల్లోనో ఒకే గుణం పట్టుకున్నారు పెద్దవాళ్లు, ఒకళ్లకొకళ్లు తెలియకుండా.

ఇంకో సంగతి, దీని శాస్త్రీయ నామం బోర్‌హావియా డిఫ్యూజా, ఆ బోర్‌హావియా అనేది హెర్మన్ బోర్‌హావె (1668–1738) అని హాలెండులో లైడెన్ యూనివర్సిటీ డాక్టరు గారి పేరు మీద పెట్టింది. హాలెండు వాళ్లంటే మనకి కొత్తవాళ్లా, పాలకొల్లులో నరసాపురంలో వాళ్ల గిడ్డంగులుండేవి, నరసాపురంలో వలంధర రేవు అని ఇప్పటికీ అంటున్నాం గదా, అది హాలెండు వాళ్ల పేరే. మన గట్టు మీద మొక్కకి వాళ్ల డాక్టరు పేరు, మన రేవుకి వాళ్ల దేశం పేరు. నాకు ఇలాంటివి తెలిసినప్పుడు ఎందుకో చాలా సంతోషంగా ఉంటుంది.

సరే, ఆకు సంగతికొస్తాను. నాకు ఈ మొక్కల్ని నేర్పింది అత్తయ్యగారు కొంతైతే, అసలు నేర్పింది మా ఊడ్పుల ముఠాలో ఒక మామ్మ. సార్వా ఊడ్పులకి వచ్చినప్పుడల్లా పని అయ్యాక ఊరికే ఇంటికి పోయేది కాదు, గట్టు వెంట వంగి వంగి నడుస్తూ ఒళ్లో ఏదో ఒక ఆకు వేసుకునే వెళ్లేది, పొన్నగంటి, గంగపాయల, అటికమామిడి, ఏది దొరికితే అది. కొని వండుకున్న కూర ఆవిడింట్లో ఎన్నిసార్లు ఉండేదో నాకు తెలీదు. చదువు లేదు, కానీ ఏ గట్టున ఏ ఆకు ఏ నెల్లో వస్తుందో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు, మా ఊళ్లో వ్యవసాయం చదువుకున్న కుర్రాళ్లకి కూడా. ఆవిడ పోయి ఎనిమిదేళ్లయింది, అడగాల్సినవి ఇంకా చాలా ఉండిపోయాయి.

ఆవిడ నేర్పిన గుర్తులు చెప్తాను. అటికమామిడి కాడ ఎర్రగా ఉంటుంది, కణుపుల దగ్గర ఉబ్బుతుంది. ఆకులు జంటగా వస్తాయి గానీ ఆ రెండూ సమానం కాదు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆకు తిరగేస్తే వెనక తెల్లగా పాలిపోయి ఉంటుంది. పూలు గింజంత, గులాబీ రంగు, మొక్క నుంచి పైకి లేచిన సన్నటి పుల్లల చివర గుత్తులుగా ఉంటాయి. కాయలు జిగురు, తోటలో తిరిగొస్తే చీర కుచ్చిళ్లకి అంటుకునేవి అవే. ఇప్పుడు గలిజేరు అని ఇంకోటి ఉంది, దాని ఆకు దళసరి, గుండ్రం, నీటి బలుపు, పువ్వు ఆకు మొదట్లో దాక్కుని ఒక్కటే ఉంటుంది. అదీ తింటారు, లేతగా ఉన్నప్పుడు మాత్రమే, ముదిరింది తింటే విరేచనాలవుతాయి. పేర్ల దగ్గర మాత్రం పెద్ద గందరగోళం ఉందండి, ఒకరు తెల్ల గలిజేరు అన్నదాన్ని ఇంకొకరు పునర్నవ అంటారు, వీడియోలో ఒక మొక్క చూపించి ఇంకో మొక్క గుణాలు చెప్తారు. పేరు పట్టుకుని వెళ్లొద్దు, ఆకునీ పువ్వునీ పట్టుకుని వెళ్లండి.

మూడోది అసలు తినకూడనిది, నేలకి అంటుకుని పాకే నానబాలు జాతి. అదీ ఎర్ర కాడే, అదీ జంట ఆకులే, కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే. తుంపగానే తెల్లగా పాలు కారుతుంది. అటికమామిడికి పాలు ఉండవు. మామ్మ ప్రతి కాడా తుంపి బొటనవేలికి రాసుకుని చూసేది, అన్నేళ్ల అనుభవం ఉండి కూడా. మా అమ్మాయితో ఈ మాట చెప్పబోయి ఆగాను, ఎందుకంటే డాండిలయన్‌కి సరిగ్గా తిరగేసి ఉంది, అక్కడ కాడ తుంపితే పాలు రావాలి, అదే దాని గుర్తు. ఆకు సింహం కోరల్లాగా కోసుకుని ఉంటుంది (పేరుకి అర్థమే అది, సింహం పన్ను అని ఫ్రెంచిలో), ఆకులన్నీ మొదట్నుంచే వస్తాయి, పూకాడకి ఆకులుండవు, లోపల డొల్ల, కాడకి ఒక్కటే పువ్వు. ఒక ఊరి గుర్తు ఇంకో ఊళ్లో పనికి రాదు, ఇది బాగా గుర్తు పెట్టుకోవాలి.

ఎక్కడ కొయ్యాలన్నది ఇంకా పెద్ద సమస్య అయిపోయింది ఇప్పుడు. ఇదివరకు గట్టంటే కొడవలి పెట్టి చెక్కేవారు, చెక్కిన గడ్డి గేదెలకి వేసేవారు. ఇప్పుడు కూలీలు దొరక్క గట్టు మీద గడ్డి మందు కొట్టేస్తున్నారు, గ్లైఫోసేట్. 2022లో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ వాళ్లే వాడాలని కట్టడి పెట్టింది, అయినా గట్ల మీద గడ్డి మాడి గోధుమరంగు చారలు కనిపిస్తూనే ఉన్నాయి. భయం ఏంటంటే ఆ మందు కొట్టిన వెంటనే ఆకు మాడదు, నాలుగైదు రోజుల దాకా పచ్చగా నవనవలాడుతూనే ఉంటుంది, తర్వాత గానీ పసుపు తిరగదు. అంటే నిన్న మందు తాగిన ఆకు ఇవాళ మీ కంటికి బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అందుకని నేను మా తోటలో, మా దొడ్లో, మాకు తెలిసిన రెండు చేల గట్ల మీద తప్ప ఇంకెక్కడా కొయ్యను, ఆ రెండు చేలవాళ్లని కూడా అడిగి మరీ కోస్తాను, ఏం బాబూ మందేమైనా కొట్టావా అని. కొబ్బరి చెట్లకి వేరు ద్వారా మందు ఎక్కించిన తోటలోనూ ఆ సీజనంతా మొదళ్ల చుట్టుపక్కల ముట్టుకోను. ఇంక మురుగు కోడు పక్కన, రొయ్యల చెరువు నీళ్లు పారే బోదెల పక్కన పొన్నగంటి గుబురుగా, చూడ్డానికి ఎంతో అందంగా పెరుగుతుంది, దాని జోలికి అసలు వెళ్లొద్దు, మొక్క ఏ నీళ్లు తాగితే మనమూ ఆ నీళ్లే తాగుతాం.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాక ఈ డెల్టా అంతా కాలవలే కదా, కాలవగట్టే పేదవాడి కూరమడి అయ్యింది. ఇప్పుడు ఆ మడిలో సగం మందు పాలు, సగం గుర్రపుడెక్క పాలు. ఇది తల్చుకుంటే నాకు నిజంగా కడుపు రగిలిపోతుంది. బజార్లో కట్ట కొనుక్కునే స్తోమత ఉన్నవాళ్లకి తేడా తెలీదు, ఊడ్పుల నుంచి ఇంటికెళ్తూ ఒళ్లో ఆకు వేసుకెళ్లే మనిషికి ఆ పూట కూర పోయింది.

వండే విధానం. పూత రాని లేత చిగుళ్లు, పైనుంచి మూడు నాలుగు ఆకుల దాకా గోటితో తుంపండి, కాడ విరక్కపోతే వదిలెయ్యండి, అది ముదురు. నేల మీద పాకే ఆకు కాబట్టి ఇసక గట్టిగా పట్టి ఉంటుంది, పెద్ద తపేలా నిండా నీళ్లు పోసి ఆకు ముంచి పైపైన ఎత్తి తియ్యాలి, గిన్నె వంచకూడదు, వంచితే అడుగునున్న ఇసక మళ్లీ ఆకు మీదకే వస్తుంది, అలా మూడు సార్లు. తర్వాత మరిగే నీళ్లలో వేసి రెండు నిమిషాలు ఉంచి ఆ నీళ్లు పారబోస్తాను. అత్తయ్యగారు పారబొయ్యనిచ్చేవారు కాదు, సారమంతా పోతుందనేవారు, నేను మాత్రం పారబోస్తాను, ఎందుకో కింద చెప్తాను. పిండేసిన ఆకు సన్నగా తరిగి, నానబెట్టిన పెసరపప్పు ఒక గుప్పెడు, మూకుట్లో నూనె, ఎండుమిర్చి, ఆవాలు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి ఆరేడు రెబ్బలు (వెల్లుల్లి దగ్గర పిసినారితనం వద్దు, ఈ ఆకుకి అదే ప్రాణం), పప్పు కాస్త వేగాక ఆకు, ఉప్పు, పసుపు, చెంచాడు నీళ్లు చల్లి మూత. పప్పు పలుకుగా ఉండగా మూత తీసి పొడిపొడిగా వేయించి, దింపే ముందు పచ్చి కొబ్బరి కోరు. చేదు అంటారు గానీ కొబ్బరి పడితే చేదు నోట్లో చివర్న కొంచెం తగిలి పోతుంది, ఆ తగలడమే బావుంటుంది. వేడన్నంలో నెయ్యి వేసుకుని ఇది కలుపుకుని పక్కన చల్లమిరపకాయ ఉంటే ఇంక ఆ పూటకి ఏమీ అక్కర్లేదు. కందిపప్పులో చింతపండు వేసి పప్పులాగా కూడా వండుతాం. ఆషాఢంలో మునగాకు తెలగపిండి కూర చేస్తాం కదా, ఆ పద్ధతిలోనే తెలగపిండితో ఇదీ చేసుకోవచ్చు, మునగాకు అంత కమ్మగా రాదు, ఉన్నమాట చెప్పాలి.

ఇప్పుడు నీళ్లు ఎందుకు పారబోస్తానో చెప్పాలి. ఇది రాయడానికి చాలాసార్లు కూర్చుని లేచాను.

ఆరేళ్ల క్రితం మా మావయ్యగారికి షుగరు, బీపీ రెండూ ఉండేవి, కిడ్నీలు మెల్లగా తగ్గుతున్నాయి, కిడ్నీ ఎంత పని చేస్తోందో చూపే రక్తపరీక్ష, క్రియాటినిన్, 2.8 దాకా వచ్చింది. కాళ్ల వాపు. అప్పట్లో ఫోన్లలో ఎక్కడ చూసినా ఈ ఆకు వీడియోలే, రోజూ పరగడుపున రసం తాగితే కిడ్నీలు కొత్తవైపోతాయి, డయాలసిస్ అక్కర్లేదు అని. చుట్టాలందరూ అదే పంపేవారు. నాకు ఆ ఆకు తెలుసు, తోటలో ఉంది, ఇంట్లో అత్తయ్యగారు వాపుకి వాడిన చరిత్ర ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. రోజూ పొద్దున్నే గుప్పెడాకు నూరి పచ్చి రసం గుడ్డలో వడగట్టి నా చేత్తో నేనే ఇచ్చాను. పది రోజులకి వాపు తగ్గినట్టే ఉంది, ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. మూడు వారాలకి ఆయన మంచం దిగలేకపోయారు, కాళ్లలో సత్తువ లేదు, గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది అన్నారు. కారులో పడుకోబెట్టి తీసుకెళ్తే రక్తపరీక్షలో పొటాషియం 6.9 వచ్చింది. ఐదు దాటకూడదట. ఇంకో రోజు ఆలస్యమైతే గుండె ఆగిపోయేదన్నారు.

డాక్టరుగారు తిట్టలేదు, కూర్చోబెట్టి ఏమేం తీసుకుంటున్నారో ఒక్కొక్కటీ అడిగారు. బీపీకి వాడే మాత్ర ఒకటి పొటాషియాన్ని ఒంట్లో నిలబెట్టే రకం. వాపుకి ఇచ్చిన మాత్ర ఇంకోటి, అదీ అంతే. రోజుకి రెండు బొండాలు తాగేవారు, కోనసీమలో ఉండి కొబ్బరినీళ్లు తాగొద్దని ఎవరంటారు, చలవ అని మేమే కొట్టి ఇచ్చేవాళ్లం, కొబ్బరినీళ్లలో పొటాషియం చాలా ఎక్కువ. వీటన్నిటి మీదా నేనిచ్చిన ఆకురసం, ఈ ఆకులో పొటాషియం లవణాలు దండిగా ఉంటాయి, ఆ ఒంటికి తెప్పించే గుణంలో వాటికీ వాటా ఉందంటారు. బాగున్న కిడ్నీ ఎక్కువైంది ఎక్కువైనట్టు బయటికి తోసేస్తుంది, ఆయన కిడ్నీ తొయ్యలేకపోయింది. అత్తయ్యగారి కాలంలో ఎందుకు ఏమీ కాలేదంటే వాళ్లు తిన్నది ఉడికించిన కూర, వారానికి ఒకటి రెండుసార్లు, వాళ్లు ఏ మాత్రలూ మింగట్లేదు. నేను దాన్ని కూర లోంచి తీసి మందు చేశాను, మందైతే మోతాదు ఉండాలి, మనిషి ఒంటి లెక్క ఉండాలి, నా దగ్గర ఆ రెండూ లేవు.

మావయ్యగారు కోలుకున్నారు, ఆ తర్వాత ఇంకో రెండేళ్లు ఉన్నారు. నన్ను ఒక్క మాట అన్లేదు. పైగా ఇంటికొచ్చిన వారానికి "ఆ ఆకుకూర వండట్లేదేంటమ్మాయ్, దానిమీద కోపవా" అని అడిగారు. ఆయనకి పెట్టలేదు గానీ డాక్టరుగారు పంపిన డైటీషియన్ అమ్మాయి చెప్పింది, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఏ కూరైనా ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత దిగుతుందని, అది కూడా వాళ్లు తినొచ్చన్న కూరలే అని. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ నీళ్లు పారబొయ్యడమే, ఇంట్లో ఎవరికీ జబ్బు లేకపోయినా సరే. వగరూ చేదూ కూడా తగ్గుతాయి ఎలాగూ.

అందుకని ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా కిడ్నీ జబ్బున్న పెద్దవాళ్లుంటే చేతులు జోడించి చెప్తున్నాను, ఏ ఆకు రసమూ డాక్టరుకి చెప్పకుండా ఇవ్వకండి. గుండె ఆపరేషన్ అయ్యి వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు కూడా ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, ఆకుల్లో ఉండే విటమిన్ కె ఆ మాత్రకి అడ్డం పడుతుంది, డాండిలయన్ ఆకులో అది మరీ ఎక్కువ. కామెర్లకి వాడే నేల ఉసిరి సంగతీ ఇంతే. 1988లో లాన్సెట్ అనే పెద్ద మెడికల్ పత్రికలో మన మద్రాసు వాళ్లు చేసిన పరిశోధన వచ్చింది, హెపటైటిస్ బి అనే లివరుకి పట్టే వైరస్‌ని ఒంట్లో మోసేవాళ్లకి నేల ఉసిరి పొడి ఇస్తే చాలామందిలో వైరస్ గుర్తు పోయిందని, హెపటైటిస్ బి కనిపెట్టి నోబెల్ తీసుకున్న బ్లంబర్గ్ గారు కూడా అందులో ఉన్నారు, ఎంతో ఆశ పెట్టుకున్నారు అందరూ, కానీ తర్వాత చాలా చోట్ల మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. ఆకుని తక్కువ చెయ్యడానికి చెప్పట్లేదు ఇది, ఆశ ఒకటి, రుజువు ఒకటి అని చెప్తున్నాను, కామెర్లొస్తే ముందు రక్తపరీక్ష చేయించుకోండి.

ఇలాంటి జబ్బులూ మాత్రలూ లేనివాళ్లు తినడానికి మాత్రం నిస్సంకోచంగా తినండి. పొన్నగంటి కళ్లకి మంచిదని, పోయిన కంటిని తెస్తుందని మన వాళ్లంటారు, పోయిన కన్ను రాదు గానీ విటమిన్ ఎ కింద మారే పదార్థం అందులో బాగానే ఉంది, చిన్నపిల్లలకి మెత్తగా పప్పులో పెట్టొచ్చు. గంగపాయల పుల్లపుల్లగా పప్పులోకి బ్రహ్మాండం. ఇంక గుంటగలగర అయితే డాండిలయన్‌కి నిజం చుట్టం, అదే చేమంతి కుటుంబం, తెల్లటి బొత్తాంలాంటి పూలు, తుంపితే కారే రసం కాసేపటికి నల్లబడుతుంది, మా అత్తయ్యగారు ఆ రసంలో గుడ్డ తడిపి ఆరబెట్టి ఒత్తి చేసి ఆముదం దీపంలో వెలిగించి కాటుక పట్టేవారు. నేను కాటుక పట్టను గానీ నూనె కాస్తాను, సోలెడు రసానికి రెండు సోలల కొబ్బరినూనె, సన్న మంట, చిటపటలు పూర్తిగా ఆగేదాకా ఓపిగ్గా ఉండాలి, తడి మిగిలితే నెలకే కంపు కొడుతుంది. జుట్టు రాలడం ఆగిందా అంటే నేను చెప్పలేను, తలకి రాసుకున్న రాత్రి నిద్ర మాత్రం బాగా పడుతుంది.

మా అమ్మాయికి వారం తర్వాత అన్నీ చెప్పాను. స్ప్రే కొట్టిన గడ్డిలోంచి ఈ ఏడు కొయ్యకు, మీ ఆయన్ని పెరట్లో ఒక మూల వదిలెయ్యమను, పైఏడు ఏప్రిల్లో పూత రాకముందు కొయ్యి, రోడ్డు పక్కనా కుక్కల్ని తిప్పే చోటా వద్దు, మీ పక్కింటావిణ్ణి వెంటబెట్టుకుని మొదటిసారి ఆవిడ చేత చూపించుకో, ఫోన్లో బొమ్మ చూసి కొయ్యకు అని. అది ఆగుతుందా, ఆవిడ దగ్గరే ఓ గుప్పెడాకు అడిగి తెచ్చుకుని, ఉడికించి నీళ్లు పారబోసి, కందిపప్పూ చింతపండూ వేసి పప్పు చేసింది, వెల్లుల్లి పోపుతో. పక్కింటావిడక్కూడా ఓ గిన్నెలో ఇచ్చిందట, ఆవిడ అన్నంతో కాకుండా రొట్టెతో తిన్నారట, వెల్లుల్లి మేమూ ఇలాగే వేస్తాం అన్నారట. "ఎలా ఉందే" అంటే "మెంతికూర కంటే చేదు, కానీ రెండో ముద్ద నుంచి అలవాటైపోతుంది పిన్నీ" అంది.

ఇవాళ పొద్దున్న మళ్లీ వాన. తోటలో తూర్పు వేపు ఇంకా కొయ్యలేదు, పక్క చేను రైతు రేపు గట్టుకి మందు కొడతానన్నాడు, వద్దు బాబూ మా పనిమనిషితో నేను చెక్కిస్తాను ఖర్చు నేనే పెట్టుకుంటానని చెప్పొచ్చాను, సరేనండీ అన్నాడు.